రోజలిన్ రెండో సాక్ష్యం

సాక్ష్యం చెప్పమని నన్నెవరూ బతిమాలలేదు. నోటి దూల నాదే. పదేళ్ళుగా మోచేతుల మీద పొలుసులు రాల్చిన సోరియాసిస్ మూడు నెలల్లో తగ్గేసరికి, తుమ్మపాల చర్చిలో మైకు పట్టుకుని "ప్రభువే బాగు సేసేడు" అని ఏడ్చాను. ఆ మూడు నెలలూ పూటపూటా రాసుకున్న ఆయింట్‌మెంటు సంగతి ఎత్తలేదు. చెబితే దేవుడి మహిమ తగ్గిపోతుందనుకున్నాను. ఏం బుద్ధో నాది!

అంత చెప్పాక మళ్ళీ మందు రాసుకోవడమెలా? జాకెట్లు కుట్టించుకోవడానికి మా ఇంటికొచ్చేవాళ్ళంతా మా సంఘంవాళ్ళే. ట్యూబు ఎవరి కంటైనా పడితే పరువేం కావాలి? మానేశాను. రెండు నెలలు తిరక్కుండా పొలుసులు మళ్ళీ వచ్చాయి. మే నెల ఎండలో మణికట్టు దాకా చేతులున్న జాకెట్లు కుట్టుకుని తొడుక్కున్నాను. "కొత్త ఫేషనేటొదినా?" అని అడిగితే అవునన్నాను.

శనివారం మా సంఘం పిల్ల సుప్రియ జాకెట్టు కొలతలకొచ్చింది. పరవాడలో మందుల కంపెనీలో పనిచేస్తుంది. టేపు పెట్టబోతే చెయ్యి లాక్కుంది. ముంజేతి నిండా ఎర్రటి మచ్చలు, పగుళ్ళలో రక్తం.

"డాట్టరు మందియ్యలేదేటే?"

"ఇచ్చేరు పిన్నీ. నీ సాక్ష్యం ఇన్నాక పారేసేను. అయినా తగ్గలేదు. నీకున్నంత విశ్వాసం నాకు లేదు గావాల," అంది, తప్పంతా తనదే అయినట్టు.

చెంప మీద కొట్టినట్టయింది. అయినా తల వంచుకుని కొలతలే రాసుకున్నాను.

ఆ సాయంత్రం పాస్టరు హనోకు గారి దగ్గర అంతా కక్కేశాను.

"మందు మానీమని నేనెప్పుడైనా సెప్పేనామ్మా? నా బీపీ మాత్ర నేను ప్రార్థన సేసుకునే మింగుతాను," అన్నారాయన.

ఆ మాట ముందే అడిగుండొచ్చు. అడగడానికి సిగ్గేసింది, అంతే.

మర్నాడు పొట్టి చేతుల జాకెట్టుతో మైకు దగ్గరికెళ్ళాను. చేతులు అందరికీ చూపించి, "ఆయాల సగమే సెప్పేను. మందు రాసేను, తగ్గింది. మీరేటనుకుంటారో అని సిగ్గుపడి మానేసేను, మళ్ళీ వచ్చింది," అన్నాను. గుసగుసలు లేచాయి. సుప్రియ విసురుగా లేచి బయటికెళ్ళిపోయింది. ఇంక ఆ పిల్ల నా మొహం చూడదనుకున్నాను.

ఆరాధన అయ్యాక చూస్తే గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో మందులషాపు కవరు.

"ఈపు మీద నాకందదు పిన్నీ," అంది. "నువ్వు రాత్తావా?"