చిటికెన వేలు

మా పేట సర్కారు బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి ఎప్పుడూ తాళమే. తనిఖీకి వచ్చే అధికారుల కంటికి అది శుభ్రంగా కనబడాలట. అందుచేత పిల్లలకు ప్రవేశం నిషిద్ధం. ఒకనాడు ఇస్త్రీ బండి ఆమె కూతురు ఒంటికి వెళ్ళాలని చిటికెన వేలు చూపుతూ పాఠం పొడుగునా నిలబడి, చివరకు నిలబడిన చోటనే తడిసిపోయింది. తరగతి నవ్వింది. పంతులమ్మ ముక్కు మూసుకుని కిటికీవైపు తిరిగింది. ఆ నవ్వుకున్నంత కంపు మురుగు కాలువకు సైతం ఉండదు.

ఆ పిల్ల బడి ఉన్న రోజుల్లో నీళ్ళు తాగడం మానేసి, జ్వరాన పడింది. "ప్రైవేటు బడి దొరికితే సరే, లేకపోతే ఇంట్లో కూర్చోబెడతా" అన్నది తల్లి. ఇలాగే పేటలో సగం కుటుంబాలు అప్పటికే బడి వదిలి వెళ్ళిపోయాయి.

పిల్లలు తగ్గారు కనుక బడి మూసి, స్థలం దుకాణాల కాంట్రాక్టరుకు అప్పగించాలని పైవారు తలచారు. విచారణకు వచ్చిన అధికారి తాను నీడలో కూర్చుని, తల్లిదండ్రులను ఎండలో నిలబెట్టాడు. రెండో నీళ్ళసీసా ముగిస్తూ అడిగాడు:

"బడి వదిలి ఎందుకు వెళ్ళిపోతున్నారమ్మా? ప్రైవేటు మోజా?"

"వెళ్ళడానికి లేకే వెళ్ళిపోతున్నాం సార్!" అన్నది ఇస్త్రీ ఆమె.

"అంటే?"

"ఒంటికి సార్, ఒంటికి!"

"మూడో సీసా కూడా కానివ్వండి, మీకే తెలుస్తుంది" అన్నాడు ఆటో డ్రైవరు. జనం గొల్లున నవ్వారు.

"ఎందుకొదినా ఈ గొడవ? మా వాణ్ణి వేరే బడిలో వేశాంగా" అని గొణిగాడు తాపీ మేస్త్రీ.

"నీకు దొరికింది అన్నయ్యా. దొరకనోళ్ళ పిల్లలు ఏ గోడ చాటుకి పోవాలి?" అన్నది ఇస్త్రీ ఆమె.

మేస్త్రీ తల దించుకున్నాడు.

కాసేపటికి అధికారి లేచి హెడ్మాస్టరు చెవిలో ఏదో ఊదాడు. హెడ్మాస్టరు పరుగున పోయి ఆ తాళమే తీశాడు! ఇస్త్రీ ఆమె తాళాన్ని తాళంచెవితో సహా లాక్కుని కొంగున ముడివేసింది. తల్లులంతా గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"ముందు పిల్లలు. తర్వాతే మీరు."

"తప్పుకోండి! అర్జెంటు!"

"అయితే వేలు చూపించండి సార్. మా పిల్లలు అట్లాగే అడుగుతారు."

అధికారి ముఖం కందగడ్డ అయింది. పోలీసులు వచ్చారు.

"తాళం ఇచ్చెయ్, వదిలేస్తాం."

"ఇస్తే మళ్ళీ వేస్తారు."

ప్రభుత్వ తాళం దొంగిలించిన నేరానికి ఆమెను వ్యాను ఎక్కించారు. అప్పుడు ఆమె కూతురు, జ్వరం పూర్తిగా తగ్గని ఆ పిల్ల, చిటికెన వేలు పైకెత్తింది. ఈసారి ఎవ్వరూ నవ్వలేదు. ఒక్కొక్కటిగా పిల్లల వేళ్ళన్నీ లేచాయి. తల్లులవి లేచాయి. సున్నం అంటిన మేస్త్రీ వేలూ లేచింది.

మర్నాడు కొత్త తాళం పట్టుకుని వచ్చిన బంట్రోతుకు తలుపు చేరే దారి దొరకలేదు. ప్రైవేటు బళ్ళకు పోయిన పిల్లలు సైతం ఆ బడుల యూనిఫారాలతోనే వచ్చి, మరుగుదొడ్డి గుమ్మం నుంచి వీధి మలుపు దాకా వరుస కట్టారు. అందరి చిటికెన వేళ్ళూ పైకే ఉన్నాయి.