మందిరం ఊడ్చే మిషన్

సోమన్న దృష్టిలో బరువు లేని సరుకు సరుకే కాదు. కేసముద్రం స్టేషన్ రోడ్డులో ఆయనకు ట్రాక్టర్ స్పేర్ పార్టుల దుకాణం ఉంది. ఏ సామాను చేతికిచ్చినా ముందు రెండుసార్లు ఎత్తి దించి చూస్తాడు. తేలిగ్గా తోస్తే మారు మాట లేకుండా పక్కన పెట్టేస్తాడు. మనుషుల్ని కూడా అట్లాగే తూచుతాడని నా అనుమానం. నన్నయితే ఎప్పుడో తూచి పక్కన పెట్టేశాడు. మా ప్రార్థన మందిరం కమిటీలో ఆయన పెద్ద, నేను ఒక్కదాన్నే ఆడమనిషిని. ఆయన ఔనంటే నా నోట కాదనే వస్తుంది. నాకదొక జబ్బు.

అందుకే మందిరానికి వాక్యూమ్ క్లీనర్ కొందామనుకున్నప్పుడు ఒకటికి రెండు వచ్చి కూర్చున్నాయి. ఆయన హనుమకొండ పోయి ఒకటి తెచ్చాడు. నా టైలరింగ్ షాపులో కూర్చునే నేను ఫోన్లో ఇంకొకటి తెప్పించాను. రెండూ నడిపి చూసి ఒకటి ఉంచుకుని, రెండోది వాపసు చేయాలని మాట. రెండింటినీ తేలిక రకమనే అమ్ముతున్నారు గాని, తేలికలోనూ తేడా ఉంటుంది. ఆయనది ప్లగ్గు పెట్టి నడిపేది. లావుపాటి మోటారు, పొడుగు వైరు, ఈడ్చుకుంటూ తిప్పాలి. నాది చార్జింగుది. చేతికర్ర అంత సన్నం, ఒంటి చేత్తో ఎత్తొచ్చు.

అసలు ఈ మిషన్ల గొడవంతా సత్తమ్మవ్వ వల్ల వచ్చింది. ఆమె కొడుకు వెంకట్రాం చిన్నప్పుడు మెదడు జ్వరంతో మహబూబాబాద్ దవాఖానలో పడి ఉంటే, ఆమె బయట వరండాలో మోకరించి మొక్కుకుంది. బిడ్డను బతికిస్తే చెయ్యి ఆడినన్ని రోజులు నీ ఇల్లు నేనే ఊడుస్తానని. వెంకట్రాం ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు, పిల్లల తండ్రి. అవ్వ మాత్రం ఇన్నేళ్లూ ఒక్క సోమవారం తప్పలేదు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు.

ఈ ఎండాకాలం ఆమె నడుం పడిపోయింది. వెన్నుపూసలు అరిగాయి, వంగొద్దు, బరువెత్తొద్దు అన్నాడు డాక్టర్. ఆమె వంగడం మానేసి కూర్చుని ఊడవడం మొదలుపెట్టింది. చీపురు పట్టుకుని, ఒక చెయ్యి నేలకానించి, కూర్చున్న చోటు నుంచి జరుగుతూ జరుగుతూ ద్వారం దాకా వచ్చేది. మధ్యలో ఆగి కళ్లు మూసుకునేది. పైగా రెండేళ్ల కిందట మేం పరిచిన ఆకుపచ్చ కార్పెట్టు ఒకటి. చీపురు దాని మీద పైపైనే పోతుంది, దుమ్ము లోపలికి దిగుతుంది. చూసిన మాకే ప్రాణం ఉసూరుమనేది.

"ఇంక చాలమ్మా, దేవుడు చూశాడు. మన యూత్ పిల్ల రాజీ ఊడుస్తుంది" అన్నారు పాస్టరయ్యగారు.

"దేవునికి మాటిచ్చింది నేను అయ్యగారూ. రాజీ ఇయ్యలే" అంది అవ్వ.

దాంతో మిషన్ కొందామని కమిటీలో తేల్చాం. మిషన్లు వచ్చిన రోజు అవ్వ నా షాపుకొచ్చి గడప మీద కూర్చుంది.

"నిజం జెప్పు జ్యోత్స్న బిడ్డా. మిషినొస్తే నన్ను ఎల్లగొట్టినట్టే గద?"

"అట్లెందుకయితది అవ్వా" అన్నాను. ఎట్లా కాకుండా ఉంటుందో నాకూ తెలియదు. నా ధ్యాసంతా సోమన్న మీద గెలవడం మీదే ఉంది.

సోమవారం పొద్దున అయ్యగారు, అవ్వ చూస్తుండగా మందిరంలో పరీక్ష పెట్టాం. అంతకు మంచి రోజు దొరకదు. ముందటి రోజు సాయంత్రం ప్రార్థన జరుగుతుండగా తొలకరి పడింది. ట్యూబులైట్లకు ఉసిళ్లు ముసిరి, తెల్లారేసరికి కార్పెట్టంతా రెక్కలే. చీపురు వేస్తే లేస్తాయి, లేచి వెనకాలే పడతాయి. వాటికి తోడు మార్కెట్ యార్డు నుంచి కొట్టుకొచ్చే పత్తి పీచు, ఊక, లారీల దుమ్ము. ఇవి చాలవన్నట్టు పిడికెడు బియ్యం. మా ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు దేవునికని తీసి పెట్టి, ఆదివారం సంచుల్లో తెచ్చి ముందున్న స్టీలు తొట్టిలో పోస్తారు. పిల్లల చేతికిస్తే సగం తొట్టిలో, సగం కార్పెట్టు మీద.

సోమన్న ముందు తన మిషన్ పెట్టాడు. న్యాయంగా చెప్పాలంటే అది రాక్షసి. ఒక్క ఊపుకే రెక్కలు మాయమయ్యాయి. కార్పెట్టు అంచును కూడా గుంజుకుని పైకి లేపింది. అది పోయిన దారంతా కార్పెట్టు కొన్ననాటి రంగులోకి తిరిగింది. సోమన్న నా వైపు చూడలేదు గాని, చూసినట్టే నిలబడ్డాడు.

నేను నాది తీశాను. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు చప్పుడైతే బాగానే చేసింది. రెక్కల్ని రెండు దఫాలుగా లాగింది. లోతు దుమ్ము దగ్గర వెనకబడింది. ఆడవాళ్లు కూర్చునే వైపు పోయేసరికి బ్రష్షుకు తలవెంట్రుకలు చుట్టుకుని గిరగిరా తిరిగి ఆగింది. షాపు నుంచి కత్తెర తెచ్చి కోసి తీశాను. బియ్యం మాత్రం గలగలమంటూ డబ్బాలోకి పోయింది.

"ఆపుండ్రి! గవి దేవుని బియ్యం" అని వెనక నుంచి అవ్వ అరిచింది.

ఇద్దరమూ బిత్తరపోయాం. ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. అవ్వ ఎప్పుడూ ముందు గింజలు ఏరి, కడిగి, ఆరబెట్టి తొట్టిలో పోశాకే చీపురు పట్టేది. నా మిషన్ డబ్బా మీట నొక్కితే ఊడింది. సోమన్న మిషన్ సంచీ విప్పడానికి స్క్రూడ్రైవర్ కావలసి వచ్చింది. రెండూ పాత చీర మీద గుమ్మరిస్తే అవ్వ గోడకానుకుని కూర్చుని, రెక్కల్లోంచి, వెంట్రుకల్లోంచి ఒక్కొక్క గింజ ఏరుకుంటూ పోయింది.

"చూశిండ్రా? డబ్బా తియ్యడానికి నాదే సులువుగున్నది" అన్నాను నేను. దొరికిందే చాలు అన్నట్టుంది నా పరిస్థితి.

"డబ్బాదేముందమ్మా. ఎన్నేండ్లు వస్తదో జెప్పు" అన్నాడు సోమన్న. నా మిషన్ని ఎత్తి, దించి, పక్కన పెట్టాడు. "గీ బ్యాటరీ రెండేండ్లు, మా అంటే మూడేండ్లు. గటెన్క చార్జింగ్ ఆగది. కొత్త బ్యాటరీ దొర్కది. నా మిషిని మోటారు కాలిపోయిందనుకో, మన మార్కెట్ రోడ్ల వైండింగ్ జేపిస్త. పదేండ్లు జూడక్కర్లేదు. గుంజుడు జూసినవ్, గట్టితనం జూసినవ్. ఇంకేం గావాలె?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషే గాని, ఈసారి ఆయన కుందేలుకు నాలుగు కాళ్లూ సరిగ్గానే ఉన్నాయి. బ్యాటరీ సంగతి నేనూ చదివాను, చదివి దాచాను. కోపంతో చెవులు వేడెక్కాయి. చెప్పడానికి మాట లేని కోపం అన్నిటికన్నా చెడ్డది.

అయ్యగారు ఇద్దరి మొహాలూ చూసి, "అయితే సోమన్నగారిదే ఉంచుదాం. రాజీకి నడపడం నేర్పిద్దాం" అన్నారు.

న్యాయమే. నేను తలూపాను.

అప్పుడు అవ్వ గింజలు గిన్నెలో పోసి, గోడ పట్టుకుని లేచింది.

"ఒక్కపారి నన్ను పట్టనీయుండ్రి. ఊడ్శేటిది నేను గద, నన్నెవ్వరూ అడుగకపోతిరి" అంది.

ఆమె ముందు సోమన్న మిషన్ పట్టుకుంది. రెండు చేతులతో లాగింది. ఒక అడుగు కదిలింది. రెండో అడుగుకు పెదవి కొరుక్కుని, చెయ్యి నడుం మీద వేసుకుని, మెల్లగా వదిలేసింది. సోమన్న గబుక్కున పట్టుకోబోయాడు. "ఏం గాలే నాయినా" అంది. కాసేపు ఊపిరి పీల్చుకుంది.

తర్వాత నాది అందుకుంది. నేను మీట చూపించాను. ఒక్క క్షణం భయపడి దూరంగా పట్టుకుంది. దానంతటదే ముందుకు పోతుంటే వెంట నడిచింది. ప్రసంగ బల్ల దగ్గర మొదలుపెట్టింది. వంగలేదు. కూర్చోలేదు. నిలువునా నిలబడి, తల మీద కొంగు సర్దుకుని, ఎప్పుడూ ఊడ్చే వరసలోనే ఊడ్చుకుంటూ వచ్చింది. రెక్కలు మిగిలిన చోట మళ్లీ ఓసారి తిప్పింది. ఆమె నిటారుగా నిలబడితే ఇంత పొడుగు మనిషన్న సంగతి నేను మరిచేపోయాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

సోమన్న ఉండబట్టలేకపోయాడు. ఆయన చెడ్డవాడు కాదు. పాడయ్యే సరుకును ఇంకొకరికి అంటగట్టడం ఆయనకు చేతకాదు, అంతే.

"అవ్వా, నా మాటిను. గది మంచిగనే నడుస్తది గని, మూడేండ్ల కంటె ఎక్కువ రాదు" అన్నాడు.

అవ్వ ఆగలేదు. మిషన్ చప్పుడు మీద వినబడాలని గొంతు పెంచింది.

"మూడేండ్లా నాయినా? నేను గంత అడుగలే. వచ్చే క్రిస్మస్ దాంక ఊడ్వనియ్యి ప్రభువా అని అడిగిన. గంతే."

అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను గెలిచానన్న సంగతి నాకు ఆ సాయంత్రం దాకా గుర్తే రాలేదు.

సోమన్న తన మిషన్ ప్లగ్గు పీకాడు. వైరు మోచేతికి చుట్టి, మడతలు సరిచేసి, అట్టపెట్టెలో పెట్టి మూత వేశాడు. అవ్వ ద్వారం వైపు తిరిగి వస్తోంది. ఆయన ఆమె కన్నా ముందు నడిచి, దారిలో అడ్డంగా ఉన్న మైకు స్టాండును ఎత్తి పక్కకు పెట్టాడు.