పాండురంగం షాపు ముందు జాగా

వీధి కొత్త ప్లాన్ బొమ్మను శనివారం లైబ్రరీలో అందరికీ చూపిస్తారు. అంతకుముందే పాండురంగం అంకుల్‌కు తన నోటితో చెప్పాలని ప్రణీత వారమంతా అనుకుంటూనే ఉంది. గురువారం సాయంత్రమైనా ఇంకా చెప్పలేదు.

లండన్ శివారు క్రోయిడన్‌లో ట్రామ్ స్టాప్‌ను ఆనుకుని ఉన్న చిన్న షాపుల వరస అది. ముందు బ్యాంకు మూతపడింది, తర్వాత పోస్టాఫీసు, ఆ తర్వాత పూల కొట్టు. మూసిన షట్టర్ల మధ్య ఇంకా లైట్లు వెలుగుతున్న నాలుగైదు దుకాణాల్లో అంకుల్ కిరాణా షాపు ఒకటి. కరీంనగర్ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన కొత్తలో ప్రణీత ఆ షాపులోనే డబ్బు తీసుకునే టిల్ దగ్గర పనిచేసింది. జ్వరమొస్తే అంకుల్ భార్య కనకమ్మ ఆంటీ చారన్నం కలిపి పంపేది. ఇప్పుడు ఆఫీసు ఉద్యోగం, పెళ్లి అన్నీ అయ్యాక కూడా, భర్త అఖిలేష్‌తో ఆ షాపు పైన ఫ్లాట్లోనే ఉంటోంది.

వీధి మళ్లీ కళకళలాడాలంటే ఏం చెయ్యాలో అక్కడి జనమే తేల్చుకోండి, చేయించడం మా పని అంది స్థానిక కౌన్సిల్. రిటైరైన టీచర్ మార్గరెట్ ఇల్లిల్లూ తిరిగి ఒక గ్రూపును కూడగట్టింది. ప్రణీత మొదటి మీటింగ్ నుంచీ ఉంది. బెంచీలు కావాలని అడిగింది తనే. మోకాళ్ల నొప్పులతో ఆంటీ ట్రామ్ దిగి, షాపుదాకా నడవలేక ఎవరి గోడో పట్టుకుని నిలబడడం చూసి అడిగింది. బెంచీలకు చెట్లు తోడయ్యాయి. చెట్లకు వెడల్పాటి పేవ్‌మెంట్ కావలసివచ్చింది. చివరికి బొమ్మ గీసి చూస్తే, అవన్నీ వచ్చి కూర్చున్నది అంకుల్ షాపు ముందు కార్లు ఆగే చోట. సరే అని చెయ్యెత్తిన వాళ్లలో ప్రణీత కూడా ఉంది. అంకుల్ ఏ మీటింగుకూ రాలేదు. అవి సాయంత్రాలు జరిగేవి, ఆయనకు బేరం ఉండేదే సాయంత్రాలు.

కిందికి దిగి షాపులోకి వెళ్లింది. ఆయన బెండకాయలు సర్దుతున్నారు.

"ఏంది బిడ్డా, అట్ల నిలబడ్డవ్? పాలు అయిపోయినయా?"

"కాదంకుల్. మీకొక మాట చెప్పాలె." ప్రణీత ఒక్క గుక్కలో చెప్పేసింది. "కొత్త ప్లాన్‌ల మన షాపు ముంగట కార్లు ఆగుడు ఉండదు."

ఆయన చేతులు ఆగలేదు. "ఎవలన్నరు?"

"మా గ్రూపే."

"నువ్వు సుత చెయ్యెత్తినవా?"

"ఎత్తిన అంకుల్."

తిడతారనుకుంది. తిడితే బాగుండేది. ఆయన చివరి బెండకాయ దాకా సర్ది, చేతులు దులుపుకుని, "బియ్యం బస్తా ఎత్తుకొని ట్రామ్‌ల ఎవలు పోతరు బిడ్డా?" అన్నారు. ఇంతలో ఎవరో కొత్తిమీర అడిగితే అటు వెళ్లిపోయారు.

శనివారం లైబ్రరీలో ప్రణీత తలుపు వైపే చూస్తూ నిలబడింది. అంకుల్ రాకపోతే బాగుండుననుకుంది, అలా అనుకున్నందుకు సిగ్గుపడింది. ఆయన వచ్చారు. వెనకే కనకమ్మ ఆంటీ, పక్క షాపు బార్బర్ కెమాల్. మార్గరెట్ బొమ్మ చూపిస్తూ మాట్లాడుతుంటే అంకుల్ లేచారు. ఇన్నేళ్లుగా కౌంటర్ దగ్గర గడగడా మాట్లాడే ఇంగ్లీషు కోపంలో తడబడింది. రెండు ముక్కలు చెప్పి ఆగి, ప్రణీత వైపు తిరిగారు.

"నేను తెలుగుల చెప్త. నువ్వే చెప్పు వాళ్లకు."

తప్పలేదు. కార్లు రాకపోతే బస్తాలు అమ్ముడుపోవన్నది చెప్పింది. బస్తాలు పోకపోతే షాపు ఉండదన్నది చెప్పింది. తర్వాత ఆయన, "ఈ పిల్ల మా ఇంట్ల పిల్ల. అయినా నన్ను అడుగలె," అన్నారు.

ఆ మాట ప్రణీత మింగేసినా, తెలుగు రాని మిగతావాళ్లెవరికీ తెలియదు. కానీ ఆయన కళ్లు తన మీదే ఉన్నాయి. ఆ మాటను కూడా ఇంగ్లీషులో చెప్పింది.

మార్గరెట్, మీటింగులకు కుదరని వేళ పెట్టింది నేనే, ఇకమీద షాపులు తెరవకముందు ఆదివారం పొద్దున కలుద్దాం అంది. కనకమ్మ ఆంటీ కూర్చునే, "ఒక్క శనివారం కార్లు రాకుంట చేసి చూడుర్రి. అయితదో కాదో మన కండ్లతోని మనమే చూస్తం," అంది. ఆ మాట కూడా ప్రణీతే ఇంగ్లీషులో చెప్పింది. అంకుల్ భార్యను ఒకసారి చూసి కూర్చున్నారు.

కౌన్సిల్ అనుమతి రావడానికి చాలా వారాలు పట్టింది. అనుమతి దొరికిన ఆ శనివారం పొద్దున సన్నగా వాన. కార్ల చోట చర్చి హాలు నుంచి తెచ్చిన కుర్చీలు తడుస్తున్నాయి. ఎప్పుడూ వచ్చే ఒక కుటుంబం కారు నెమ్మదిగా వచ్చి, అడ్డు పెట్టిన కోన్‌లు చూసి, ఆగకుండా వెళ్లిపోయింది. గుమ్మంలో నిలబడ్డ అంకుల్ అది చూశారు. ఆయన చూడడాన్ని ప్రణీత చూసింది.

మధ్యాహ్నం వాన వెలిసింది. కనకమ్మ ఆంటీ బయట టేబుల్ వేయించి అల్లం ఛాయ్, సమోసాలు పెట్టింది. ముందు ముసలివాళ్లు కూర్చున్నారు. తర్వాత పిల్లల బండ్లు తోసుకుంటూ తల్లులు వచ్చారు. కెమాల్ షాపులో జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చినవాళ్లు అక్కడే కూర్చుని వంతు కోసం ఆగారు. సాయంత్రం కుర్చీలు మడుస్తూ ప్రణీత భయంభయంగా అడిగింది. "ఎట్లుండె అంకుల్?"

"ఛాయ్ ఖతమైంది. బస్తాలు కదలలె."

ఆ రెండు మాటల చుట్టూనే తర్వాతి ఆదివారాలన్నీ గడిచాయి. అంకుల్ ఒక్క మీటింగూ వదల్లేదు, ఒక్క గీతనూ ఊరికే ఒప్పుకోలేదు. కార్ల జాగాలో సగం ఉండాలన్నారు. అందుకోసం మార్గరెట్ తన చెట్లు రెండు వదులుకుంది, ముఖం చిన్నబుచ్చుకుంది కూడా. బెంచీలు మిగిలాయి. చివరికి చేతులెత్తమన్నప్పుడు అంకుల్ చెయ్యి అందరికంటే ఆలస్యంగా లేచింది.

ఫిబ్రవరిలో తవ్వకం మొదలైంది. వీధంతా ఇనుప కంచె, మట్టి, మిషన్ల మోత. బెంచీల మాట దేవుడెరుగు, ఇప్పుడు ఒక్క కారు కూడా ఆగే వీలులేదు. వేసవికి పూర్తవుతుందన్నారు. అప్పటిదాకా షాపు నిలుస్తుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. కొందరు ఇప్పటికే పెద్ద సూపర్‌మార్కెట్‌కు అలవాటుపడ్డారని కెమాల్ చెప్పాడు. ప్రణీత ఇంటి నుంచే పనిచేస్తూ పైన లాప్‌టాప్ ముందు కూర్చున్నా చెవులు కిందే ఉండేవి.

ఆఫీసు పని అవగానే కిందికి దిగడం అలవాటు చేసుకుంది. ఫోన్లో బియ్యం అడిగినవాళ్లు పక్క సందులో కారు ఆపుకుంటే, అంకుల్, తను కలిసి ట్రాలీ మీద బస్తా తోసుకెళ్లేవాళ్లు. ఒక సాయంత్రం కంచె మలుపు దగ్గర ట్రాలీ చక్రం మట్టిలో దిగబడింది. ఇద్దరూ ఆయాసపడుతూ నిలబడ్డారు.

"భయమైతుందా?" అన్నారాయన.

"అయితుంది అంకుల్."

"నాకు సుత అయితుంది." ఆయన వంగి బస్తా ఒక కొస పట్టుకున్నారు. "ఆ కొస నువ్వు పట్టు. బియ్యమడిగినోళ్లు కార్ల కూసొని ఎదురుచూస్తున్నరు."