యాష్ట

వడపోసిన కాఫీని ఫ్లాస్కులో పోసి, మూత బిగించి, ధరణి తార్నాక ఫ్లాటుకి తాళం వేసింది. ఐసీయూ ముందు కాపలా అంటే ఆ ఇంట్లో అర్థం ఒకటే. మామగారు వెంకటసుబ్బారావు, భర్త శశిభూషణ్ కుర్చీల్లో కూర్చుంటారు, ధరణి తిరుగుతుంది. కాఫీలు, టిఫిన్లు, మందులు, ఉతికిన తువ్వాళ్లు. "కాలేజీ ఎలాగూ మూసేశారుగా, నీకిప్పుడేం పని?" అన్నాడు శశి. తెలంగాణ ఉద్యమంతో ఆమె పాఠం చెప్పే యూనివర్సిటీలో క్లాసులు జరగడం లేదు, నిజమే. పిల్లలు రోడ్డెక్కింది తనకి వేళకి కాఫీ అందడానికే అన్నట్టుంటుంది అతని ధోరణి.

ఆ రోజు బంద్. ఆటోలు లేవు. నడుస్తుంటే క్యాంపస్ వైపు నుంచి వచ్చే గాలికి కళ్లు మండాయి, టియర్ గ్యాస్ వదిలినట్టున్నారు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆస్పత్రి చేరింది. అత్తగారు అరుంధతికి న్యుమోనియా. నిన్ననే గొంతులోంచి గొట్టం తీశారు. ఇవాళ నాలుగు మాటలు మాట్లాడుతుందని అందరూ కొండంత ఆశతో ఉన్నారు.

శశి ఐసీయూ తలుపు దగ్గరే ఎదురొచ్చాడు.

"అమ్మకి మతి చెదిరింది ధరణీ. మాటే మారిపోయింది. మీ అమ్మగారు ఎప్పుడూ ఇలాగే మాట్లాడతారా అని డాక్టరు అడిగాడు. లేదన్నాం. ట్యూబులు లాగేస్తోందని చేతులు కట్టేశారు. మళ్లీ మత్తు ఇంజక్షన్ ఇస్తారట. దాంతో ఊపిరి మందగిస్తే గొట్టం మళ్లీ వేయాలి. ఈసారి వేస్తే తీయడం కష్టమంటున్నాడు."

మామగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. "యాష్ట, యాష్ట అంటోందమ్మా. ముప్ఫై ఏళ్లు క్యాంపస్‌లో తెలుగు పాఠం చెప్పాను. అలాంటి మాటే లేదు. పాపం, దానికి నాలుక తిరగడం లేదు."

ఆయన ఏడుపు నిజమైనదే. కానీ ఆ మాట ధరణికి తెలుసు. యాష్ట! ఆమె దగ్గర స్టాటిస్టిక్స్ చదువుకునే హాస్టల్ అమ్మాయిలు వారానికోసారి అనే మాట. "ఈ లెక్కలతోని యాష్టకొస్తున్నది మేడం." విసుగొస్తోంది, ప్రాణం విసిగిపోతోంది అని. ఈయన ముప్ఫై ఏళ్లు అదే క్యాంపస్‌లో తిరిగారు. చెప్పడమే గానీ వినే అలవాటు లేదు.

ధరణిది కడప దగ్గర ఊరు. కాపురానికొచ్చిన కొత్తలో భోజనాల దగ్గర "యాడికి పోతాండారు మామా?" అని అడిగింది పాపం, నోరారా. మామగారు పొలమారేలా నవ్వారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన చుట్టాలకి ఆ వాక్యాన్ని ఏళ్ల తరబడి అభినయించి మరీ వినిపించారు. శశి కూడా "మా ఆవిడ భాష" అంటూ వంత పాడాడు. ఆ రోజు వంటింట్లో అరుంధతి గిన్నె తోముతూ, తలెత్తకుండా అంది. "ఏ మాటైనా ముందు లోపల ఒకసారి అనుకుని, మార్చుకుని, తర్వాత పైకి అనమ్మా. అలవాటైపోతుంది." ఈవిడ కూడా నాకు పాఠం చెప్పేదేనా అని ధరణి కుతకుతలాడింది. అత్తగారి పుట్టిల్లు ఈ ఊళ్లోనే లాలాగూడ అనీ, తండ్రి అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరనీ తెలుసు. మౌలాలి నుంచి తమ్ముడు ఫోన్ చేస్తే ఆవిడ వెనక బాల్కనీలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడటమూ తెలుసు. ఎందుకలా వెళ్తుందో మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు. ఇప్పుడు ఒళ్లు మండింది, తన మీద కూడా.

ఫ్లాస్కుని కుర్చీ మీద పెట్టి, పాస్ పట్టుకుని లోపలికి వెళ్లింది. మంచం కమ్మీలకి కట్టిన చేతులు వాచి ఉన్నాయి.

"వచ్చినవా బిడ్డా? గీ కట్లు ఇప్పుమను. యాష్టకొస్తున్నది."

"అత్తయ్యగారూ, ఇదెక్కడో తెలుస్తోందా?"

"దవాఖాన గాదా? నువ్వు గూడ గదే అడుగుతవేందే?" దగ్గి, ఊపిరి తీసుకుంది. "బయట లొల్లి ఇనొస్తున్నది. పోరగాండ్లను పోలీసోళ్లు కొడుతున్నరా? మీ మామ కాఫీ తాగిండా?"

ధరణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మతి చెదిరిందట!

"ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా ఇలా మాట్లాడలేదే?"

అరుంధతి కళ్లు మూసుకుంది. "గొట్టం రాసుకొని బొండిగ పచ్చి పుండైంది బిడ్డా. ఒక్క మాట బయటికొచ్చుడే కష్టమున్నది. దాన్ని మల్ల మీ మాటలకు మార్చే ఓపిక యాడికెళ్లి తేవాలె?"

ధరణి ఆ వాచిన చేతిని నిమిరి, బయటికి వచ్చింది. నర్సు సిరంజి సిద్ధం చేస్తోంది. ఊరికి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు తలుపు దగ్గర మామగారితో మాట్లాడుతున్నాడు.

"ఆ ఇంజక్షన్ ఇవ్వద్దు డాక్టర్. ఆవిడకి తెలివి బాగానే ఉంది."

"ధరణీ, నీకేం తెలుసని?" అన్నాడు శశి. "నాన్నగారు చెప్తున్నారుగా."

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "నేను అడిగేది ఒక్కటేనండీ. ఆవిడ ఎప్పటిలాగే మాట్లాడుతున్నారా?"

ధరణి అలవాటు ప్రకారం జవాబుని లోపల అనుకుంది. మార్చుకోబోయింది. మార్చలేదు.

"లేదు సార్. మా అత్త పెండ్లయినాక ఇదే మొదటిసారి మాట్లాడతాండాది. అది ఆమె పుట్టింటి మాట. మీరే పోయి అడగండి. ఇది దవాఖాన అని చెప్తాది, బయట గలాటా ఏందో చెప్తాది, మామ కాఫీ తాగినాడో లేదో కూడా అడుగుతాది."

డాక్టరు లోపలికి వెళ్లాడు. అద్దంలోంచి ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. అతను వంగి ఏదో అడిగాడు, ఆవిడ జవాబు చెప్పింది, మళ్లీ అడిగాడు, మళ్లీ చెప్పింది. కాసేపటికి నర్సు సిరంజి పక్కన పెట్టి కట్లు విప్పింది. అరుంధతి తన రెండు మణికట్లనీ ఒకదానితో ఒకటి రుద్దుకుంది.

వెంకటసుబ్బారావు కుర్చీలో కూలబడ్డారు. "ఎప్పుడూ నాతో అనలేదే..." అని గొణిగారు. ఆయన చెయ్యి అలవాటు కొద్దీ ధరణి వైపు సాగింది. కాఫీ కోసం.

ధరణి పాస్ మెడలో వేసుకుని అత్త దగ్గరికి కదిలింది.

"ఫ్లాస్కు ఆడుండాది మామా. పోసుకోండి."