పాటిగడ్డ మీద పదకొండో శనివారం

ఆ ఏడు వానాకాలంలో నా భార్య సరళాదేవికి టైఫాయిడ్ వచ్చి ఇరవై రెండు రోజులు మంచం దిగలేదు. లక్సెట్టిపేట డాక్టరు ఇంజెక్షన్లు ఇచ్చాడు. నేను ధర్మపురి నరసింహస్వామికి మొక్కుకున్నాను. జ్వరం తగ్గితే పదకొండు శనివారాలు, పొద్దు పొడిచింది మొదలు పొద్దు కుంకేదాకా, ఒక్క మాట మాట్లాడనని. జ్వరం తగ్గింది. ఇంజెక్షనుకు తగ్గిందా, మొక్కుకు తగ్గిందా అని అప్పుడప్పుడు అనుమానం వచ్చేది కాని, దాన్ని తేల్చుకోవడానికి నేను చదివిన ఏడో తరగతి చాలదు. డాక్టరుకు ఒక గంప సీతాఫలాలు పంపి, స్వామికి మౌనం మొదలుపెట్టాను.

మా ఊరి పోస్టుమాస్టర్ని నేను. మా ఇంటి ముందు గదే పోస్టాఫీసు. మాట్లాడని పోస్టుమాస్టరుతో ఊరికి కొంత కష్టమే. మొదటి శనివారం, మేకలు కాసుకునే బుచ్చవ్వకు ఉత్తరం చేతిలో పెట్టి ఊరుకున్నాను. సారు నోరు విప్పడంలేదంటే సోలాపూర్‌లో ఉన్న బిడ్డకు ఏదో అయిందని ఆమె అక్కడే కూలబడి ఏడుపందుకుంది. ఉత్తరంలో ఉన్నది మనవరాలు పుట్టిన సంగతి. ఆ మాట ముఖంతో చెబుదామని నవ్వుతూ చేతులు ఊపాను.

"నేను ఏడుస్తుంటె నవ్వుతవేంది పోస్టు సారు" అని బుచ్చవ్వ ఇంకా గట్టిగా ఏడ్చింది.

అట్లా పది శనివారాలు గడిచాయి. పదకొండోది దగ్గరికొచ్చేసరికి చిక్కు వచ్చిపడింది.

మా ఊరికి ఉత్తరాన, గోదావరి ఒడ్డున, పాటిగడ్డ అనే పెద్ద మన్నుదిబ్బ ఉంది. రెండువేల ఏళ్ల కింద అది పట్నమట. ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చి అక్కడక్కడ తవ్వి చూసినవాళ్లు చెప్పారు. పూసలు దొరికాయి, కుండపెంకులు దొరికాయి, రెండు వెండి నాణేలు దొరికాయి. ఆ నాణేలు రోము దేశానివి. వాటిలో ఒకటి నేను చేతిలో పట్టుకుని చూశాను. పొడుగు ముక్కు రాజు, తలచుట్టూ ఆకుల దండ. ఎక్కడి రోము, ఎక్కడి మా గోదావరి. దాన్ని తెచ్చినవాడు పడవ ఎక్కేముందు ఏ దేవుడికి మొక్కి ఉంటాడు, క్షేమంగా చేరాక ఆ మొక్కు తీర్చాడా మరిచాడా అని నాకు చాలా రోజులు తోచింది. అప్పటినుంచి ఎవరు వచ్చినా గడ్డంతా తిప్పి చూపించే పని నేనే పెట్టుకున్నాను.

ఆ కార్తీకంలో సర్వేవాళ్లు వచ్చి రేవుకు కొత్త రోడ్డు కోసం సున్నం గీతలు గీసి, మేకులు కొట్టిపోయారు. గీత సరిగ్గా పాటిగడ్డ నడుమ నుంచి పోయింది. రోడ్డు వద్దనలేదు నేను. గడ్డ పక్క నుంచి పోనిమ్మన్నాను. హైదరాబాదు పురావస్తు శాఖకు ఆరు ఉత్తరాలు రాస్తే ఒక జవాబు వచ్చింది. రామకిషన్‌రావు అనే ఆఫీసరు వచ్చి రెండు గంటలు చూస్తాడు. కాపాడవలసినంత సరుకు ఉందని ఆయనకు తోస్తే రోడ్డు జరపమని రాస్తాడు, లేకపోతే లేదు. వచ్చే రోజు శనివారం. నా పదకొండోది.

ఈ సంగతి జలాలుద్దీన్‌కు చెప్పుకున్నాను. మేమిద్దరం ఒక బెంచీ మీద చదువుకున్నాం. అతను లిబియాలో కరెంటు పని చేస్తాడు, అప్పుడు రెండు నెలల సెలవు మీద వచ్చి ఉన్నాడు.

"ఇంకో రోజు రమ్మని రాయకపోయినవా?" అన్నాడు.

"రాసిన. మళ్ల మూడు నెలలదాక తీరదట. గప్పటికి గడ్డ ఉండది."

"అయితె మాట్లాడు. గా ఒక్క దినం."

"ఎట్ల మాట్లాడుత? సరళ పానం మీద మొక్కిన."

జలాలుద్దీన్ గడ్డం గోక్కున్నాడు. నన్ను అతను రావుసాబ్ అనే పిలుస్తాడు. "రావుసాబ్, మా లిబియాల సముద్రం ఒడ్డుకు రోమోళ్ల పాత పట్నం ఉన్నది. సెలవు దొరికితె పోతుంటి. రాతి స్తంభాలు, రాతి బాటలు, తానాల గదులు. చూడనీకె దొరలు వస్తరు. మెడల గీంత డబ్బ, చెవులకు తీగలు. డబ్బ చెప్తది, దొర నడుస్తడు. ఆగుమంటె ఆగుతడు. పక్కన మనిషి లేడు, పరేషాన్ లేదు."

"ఆయన ఏడున్నడో డబ్బకెట్ల తెలుస్తది?"

"డబ్బకేం తెల్వది. డబ్బ చెప్పినట్టు ఆయననే నడువాలె. అసొంటి డబ్బ నా తాన ఉన్నది. శుక్రవారం నువ్వు చెప్పు, నేను నింపుత. శనివారం నీ గొంతు మాట్లాడుతది, నువ్వు మూతి ముడుచుకో."

ఉపాయం బాగానే ఉంది. నా గొంతు మాట్లాడితే నేను మాట్లాడినట్టు కాదా అన్నదే నా అనుమానం. ఇంటికి వెళ్లి సరళను అడిగాను. ఆమె బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే చెప్పింది: "శుక్రవారం వండిన అన్నం శనివారం తింటె, శనివారం పొయ్యి ముట్టిచ్చినట్టా?"

అన్నానికి సరే, మాటకు అదే లెక్క వర్తిస్తుందా అని అడగబోయి ఊరుకున్నాను. నాకు కావలసిన జవాబే వచ్చింది కదా.

శుక్రవారం పొద్దున ఇద్దరం గడ్డ ఎక్కాం. జలాలుద్దీన్ పెద్ద టేపురికార్డరు భుజాన వేసుకున్నాడు. నేను అక్కడక్కడ నిలబడి చెప్పాను. ఇది ఇటుక గోడ. ఇది నీళ్లు పోయే కాలువ. ఒక చోటు నుంచి ఇంకో చోటుకు నడవడానికి పట్టేంత సేపు టేపు ఖాళీగా తిరగనివ్వాలని జలాలుద్దీన్ అన్నాడు. ఇద్దరి చేతికీ గడియారం లేదు. నాకు తెలిసిన కొలత ఒకటే. గోడ నుంచి కాలువ దాకా నూట ఎనిమిది రామనామాలు, కాలువ నుంచి, కాల్చిన మట్టి చుట్లు పేర్చి కట్టిన ఒరల బావి దాకా ఇంకో నూట ఎనిమిది. గుడి చుట్టూ తిరిగేటప్పుడు ఎట్లా నడుస్తానో అట్లా, అడుగుకో నామం చొప్పున నడిచాను. బావి దగ్గర ఆగి, "జర పైలం, తంగేడు చెట్ల నడుమ పాత బావి ఉన్నది, ముందటికి అడుగు వెయ్యకుండ్రి" అని చెప్పి, ఆ తర్వాత దాని కథ చెప్పాను.

ఇంటికి వచ్చి విని చూస్తే, ఖాళీ అనుకున్న చోటల్లా "రామ రామ రామ" అని నా గొణుగుడు నిండి ఉంది. మధ్యలో ఒకచోట బుచ్చవ్వ గొంతు: "పోస్టు సారు, ఒక్కనివే ఎవలతోని మాట్లాడుతున్నవ్?"

జలాలుద్దీన్ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "ఉండనీ రావుసాబ్. దొరల డబ్బల గింత పుణ్యం ఎక్కడిది?"

మళ్లీ నింపడానికి పొద్దు లేకపోయింది. చిన్న క్యాసెట్టులోకి ఎక్కించి ఊరుకున్నాం.

శనివారం పదకొండు గంటలకు జీపు వచ్చింది. రామకిషన్‌రావు ముప్పై ఏళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎక్కడికో ఆలస్యమైనట్టు ఉన్నాడు. నేను నమస్కారం పెట్టాను. జలాలుద్దీన్ సంగతంతా చెప్పాడు.

"ఉత్తరాలు రాసింది ఈయనేనా? ఆరు ఉత్తరాలు రాసి, నేనొచ్చిన రోజు మౌనమా?"

"ఫికర్ చెయ్యకుండ్రి సాబ్, ఆయన మాటలన్ని ఇండ్ల ఉన్నయి" అని జలాలుద్దీన్ డబ్బా ఆయన మెడలో వేసి, తీగలు చెవులకు పెట్టి, మీట నొక్కాడు.

ఆఫీసరు నడవడం మొదలుపెట్టాడు. గోడ దగ్గర డబ్బా చెప్పినంత సేపూ ఆగాడు, తల ఆడించాడు, ఏదో రాసుకున్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. కాని గోడ నుంచి కదిలాక చూస్తే ఆయనవి కొంగ కాళ్లు. నా నూట ఎనిమిది నామాలకు పట్టే దూరం ఆయనకు నలభై నామాలు కూడా పట్టలేదు. కాలువ దాటి వెళ్లిపోయాక ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూసి, "ఇంకా రామ రామ అంటున్నారు" అన్నాడు. చెవుల్లో తీగలు ఉండడంతో కొంచెం గట్టిగా అన్నాడు. మెల్లగా నడవమని అరచెయ్యి కిందికీ మీదికీ ఆడించాను. ఆశీర్వదిస్తున్నాననుకున్నాడేమో, వంగి దండం పెట్టాడు.

తర్వాత ఆయన కాలువ కోసం వెనక్కి రాలేదు. డబ్బా కాలువ కథ చెబుతుండగానే, అదంతా ముందున్నదేమో అన్నట్టు చూస్తూ ముందుకే పోయాడు. ముందున్నవి తంగేడు చెట్లు, వాటి నడుమ బావి. బావి హెచ్చరిక టేపులో ఎక్కడో, ఇంకో నూట ఎనిమిది నామాల అవతల ఉంది. జలాలుద్దీన్ వెనకబడి, బుచ్చవ్వ మేకలను దారి నుంచి తోలుతున్నాడు. నేను చప్పట్లు కొట్టాను. ఆఫీసరు తల తిప్పలేదు. తంగేడు కొమ్మ పక్కకు వంచి కాలు ఎత్తాడు.

"ఆగు సారు, బావి" అని అరిచాను.

అరిచింది నేనే. కాని ఆయన చెవుల్లో కూడా నేనే ఉన్నాను, కాలువ కథ ముగించి మళ్లీ రామ రామ అనుకుంటూ. ఆయన వినలేదు. పరుగెత్తి వెనకనుంచి ఆయన భుజాన ఉన్న సంచి పట్టి లాగాను. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. ఆయన ఎడమకాలి చెప్పు బావిలోకి జారి, కాసేపటికి కింద ఎక్కడో తగిలిన చప్పుడైంది.

ఆఫీసరు చెవులకున్న తీగలు తీసి, మోకాళ్ల మీద వంగి, కొమ్మలు తప్పించి లోపలికి చూశాడు. మట్టి ఒరలు, ఒకదాని మీద ఒకటి, చీకట్లోకి దిగిపోయి ఉన్నాయి. పగలనివి, పక్కకు జరగనివి.

"ఇది ఇంత బాగా ఉందని ఎవరూ రాయలేదు" అన్నాడు. నేను ఆరు ఉత్తరాల్లోనూ రాశాను. "ఎంత లోతు? ఇట్లాంటివి ఇంకా ఉన్నాయా? రోడ్డు గీత మీద ఏమైనా ఉన్నాయా? అది కావాలి నాకు."

డబ్బా ఆయన గుండెల మీద గొణుగుతూనే ఉంది. దానికి ఈ ప్రశ్నల జవాబు తెలియదు. గీత మీది బావుల సంగతి కూడా చెప్పాలని శుక్రవారం నాకు తట్టలేదు.

అప్పటికి జలాలుద్దీన్ ఉరుకుతూ వచ్చాడు. సంగతి గ్రహించి, నా చెవి దగ్గర వంగి మెల్లగా అన్నాడు: "నువ్వు అరిచింది ఆయన వినలే. నేను మేకల కాడ ఉంటి, నేను వినలే. ఎవలు విననిది మాటెట్లయితది? నీ మొక్కు చెడలే రావుసాబ్. పొద్దు కుంకేదాక ఓపిక పట్టు. నేనే తిప్పి చూపెడుత."

ఆ మాట నాకు తేనెలా తగిలింది. ప్రాణం కాపాడడానికి నోరు జారింది, అది వేరు. ఇప్పుడు ఊరుకుంటే మొక్కు నిలబడుతుందేమో, పైన లెక్క చూసేవాడు కూడా చూడనట్టు ఊరుకుంటాడేమో. మాట్లాడితే మాత్రం తెలిసి తెలిసి తప్పినట్టు. సరళ నుదురు ఇరవై రెండు రోజులు పెనంలా కాలింది నా అరచేతికి ఇంకా గుర్తే. మళ్లీ ఆ జ్వరం వస్తే నన్ను నేను ఏమనుకోవాలి? కాని గీత మీద బావులు ఎక్కడున్నాయో జలాలుద్దీన్‌కు తెలియదు. అతను పన్నెండేళ్లుగా లిబియాలో ఉన్నాడు. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు.

స్వామీ, మొక్కు సరళ కోసం మొక్కాను, ఈ గడ్డను పణం పెట్టి మొక్కలేదు అని మనసులో చెప్పుకున్నాను. ఆయన ఒప్పుకున్నాడో లేదో తెలియదు.

"గీత మీదనే మూడున్నయి" అన్నాను. "ఈ బావికి కనిపిచ్చేటివి పదకొండు ఒరలు. మా తాత చిన్నప్పుడు నీళ్లు ఉంటుండెనట. రాండ్రి, చూపెడుత. నా ఎనుక నడువుండ్రి, ముందట కాదు."

జలాలుద్దీన్ కిందికి వంగాడు. తన చెప్పు ఒకటి విప్పి ఆఫీసరుకు ఇచ్చాడు.

మొదటి బావి మీద సర్వేవాళ్ల మేకు దిగి ఉంది. రెండోది బుచ్చవ్వ చూపించింది. "మేకపిల్ల పడితె తీసిన. లోపల సూడు సారు, భూమికి గాజులు తొడిగినట్టుంటది" అంది. ఆఫీసరు ఆ మాట కూడా రాసుకున్నాడు. మూడోదాని దగ్గర నేను రోము నాణేల కథ ఎత్తుకున్నాను. పది శనివారాల మాటలు లోపల పేరుకుని ఉన్నాయి కాబోలు, ఒకటి తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి. రెండు గంటలు మూడయ్యాయి, మూడు నాలుగయ్యాయి. చివరికి రామకిషన్‌రావు జీపు ఎక్కుతూ జలాలుద్దీన్‌తో అన్నాడు: "మీ డబ్బాకు ఆపే మీట ఉంది. ఈయనకు లేదు." నవ్వుతూనే అన్నాడు. ఏమి రాస్తాడో మాత్రం చెప్పలేదు.

ఇంటికి వచ్చేసరికి బుచ్చవ్వ ముందే వచ్చి అంతా చెప్పిపోయింది. సరళ గడపలో నిలబడి ఉంది.

"ఎన్ని మాటలు మాట్లాడిండ్రు?"

"లెక్క లేదు."

"లెక్క లేకపోతె మళ్ల మొదటి నుంచే."

"పదకొండు?"

"మరి? నేనేమన్న తగ్గియ్యనీకె ధర్మపురి స్వామినా?" అని లోపలికి పోయింది. లోపలినుంచి మళ్లీ అంది: "నాకైతె మంచిగనే ఉన్నది. శనివారం శనివారం ఇల్లు జర నిమ్మళముంటది."

ఆ వారమంతా నేను ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తూ ఉన్నాను. నాలుగో రోజు చెయ్యి తోసేసింది. "మొక్కు తప్పినందుకు జ్వరం రాలే గని, మీ చెయ్యికి నా నెత్తి అరిగిపోతుంది" అంది. ఆ శనివారం నుంచి మళ్లీ ఒకటి అని మొదలుపెట్టాను.

జవాబు ఆరో శనివారం టపాలో వచ్చింది. నేనే సంచి విప్పి, నేనే ముద్ర కొట్టి, నేనే చదువుకున్నాను. పాటిగడ్డ వదిలిపెట్టి, పడమటి పక్క నుంచి రోడ్డు తిప్పుకుపోవాలని రామకిషన్‌రావు రాసినదానికి పైవాళ్లు ఒప్పుకున్నారట. మేకులు తీయిస్తారట. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పోస్టాఫీసుకు తాళం వేసి, గడ్డ మీదికి నడిచాను.

బుచ్చవ్వ మేకలతో అక్కడే ఉంది. నా ముఖం చూసి, "ఏమాయె పోస్టు సారు, రోడ్డస్తదా?" అని అడిగింది. నేను కట్టెపుల్ల తీసుకుని మట్టిలో గడ్డను గుండ్రంగా గీశాను. దాని పక్క నుంచి వంకరగా పోయే రోడ్డు గీశాను. ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గింత దూరం సుట్టు తిరిగి పోతరా? ఎవలు చెప్పిండ్రు గీ తెలివి?" అంది.

నేనే అని చెప్పడానికి లేదు. నా రొమ్ము మీద వేలు పెట్టి చూపించుకున్నాను. ఆమెకు గుండెలో నొప్పి అని తోచినట్టుంది, కూర్చోబెట్టి నీళ్లు తాగించింది. గోదావరి మీద ఎండ తెల్లగా పరుచుకుని ఉంది. పొద్దు కుంకడానికి ఇంకా చాలాసేపు ఉంది.