ఊడ్చిన మడి

నిన్న పొద్దుగూకేదాకా ఉన్నాయి, నా చేతులతో నేనే పరిచాను, వేపాకు, పల్లి పొట్టు, దుకాణంలో చిరిగిన గోనె సంచులు, వంగ మొక్కల మొదళ్ళన్నీ మందంగా కప్పిపెట్టాను, ఇప్పుడు ఏమీ లేదు, నున్నటి నేల, నేల మీద చీపురు గీతలు, గీతల మీద ఇంకా ఆరని సాన్పి, ఆ పేడనీళ్ళ వాసన చాలు, దొంగను వెతికే పనే లేదు, ఈ ఇంట్లో కోడికంటే ముందు లేచి చీపురు పట్టేది మా అత్తమ్మ అండాలు ఒక్కతే, వాకిలి ఊడ్చుకోమను, చల్లుకోమను, ముగ్గేసుకోమను, ఎవరొద్దన్నారు, మొక్కల నడుమ కూర్చుని మరీ ఊడ్చాలా, రాలిన ఆకు ఒక్కటి కనపడితే ఇల్లు కూలుతుందా.

పోయినేడూ ఇంతే, రోజూ ఊడ్చుడు, రోజూ చల్లుడు, నేల అలికిన అరుగులా గట్టిపడింది, నీళ్ళు పోస్తే ఇంకేవి కావు, నేరుగా మోరీలోకి ఉరికేవి, టమాటాలు రేగుపళ్ళంత కాలేదు, చిక్కుడు తీగ పందిరెక్కకముందే పసుపెక్కింది, విత్తనం మంచిది కాదన్నారు, నా చెయ్యి మంచిది కాదన్నారు, మా ఆయన శ్రీధర్ దుకాణంలో గిరాకీల ముందు, మా ఆమె తోటపంటకు లారీ మాట్లాడాలె అన్నాడు, అందరూ నవ్వారు, వంటింట్లో నాకు వినపడింది, పోపు మాడింది, ఆ మాడు వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది, ఎండాకాలంలో మూలన మరిచిపోయిన గోనె సంచి ఎత్తి చూస్తే దాని కింద మాత్రం నేల చల్లగా, మెత్తగా, వానపాములతో కదులుతూ, అప్పుడు తెలిసింది నేలకూ కప్పుకోవడానికి దుప్పటి కావాలని, తెలిసి ఏం లాభం, కప్పింది నేను, గుంజేసింది ఆమె.

ఈసారీ కాయకుంటే పెరట్ల గచ్చు వోసి గోదాం కడ్త, ఇగ నన్నేం అనొద్దు అన్నాడు శ్రీధర్, అనడమేనా, మేస్త్రీ మొండయ్య వచ్చి కొలిచిపోయాడు, టేపు పట్టుకుని నా మిరపనారు తొక్కుకుంటూ, ఇంకా గచ్చు పడలేదంటే ఒకటే కారణం, తెలంగాణ కోసం సమ్మె, లారీలు రావట్లేదు, సిమెంటు లేదు, బస్సులు కదలట్లేదు, భూపాలపల్లిలో బొగ్గు ఆగి ఇక్కడ కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, మోటరు నడవక బిందెలతో మోసి పోస్తున్నాను, అయినా సరే, తెలంగాణ రావాలి, తప్పకుండా రావాలి, నా వంగపూత పిందె అయ్యాకే సమ్మె ముగియాలి, ఈ మాట పైకి అంటే తొర్రూరు తొర్రూరంతా నన్ను తంతుంది, అదిగో సెంటర్లో టెంటు కింద మైకు, శ్రీధర్ గొంతే, దుకాణాలు మూసినప్పటి నుంచి రోజూ అక్కడే, మన నీళ్ళు మనకు గావాలె, మన నేల మీద మన మాటే నడవాలె అంటున్నాడు, చప్పట్లు, నడవాలె సరే, ఈ నాలుగు బారల నేల మీద ఎవరి మాట నడవాలి, ఆ మైకు ఒక్కసారి నాకిస్తే అడుగుతాను.

అడగాల్సింది ముందు ఈమెను, అత్తమ్మా, మడిల ఆకులన్ని ఏమైనయి అన్నాను, ఆకులేంది, చెత్త, పండుగ ముందల దుకాణమున్న ఇంట్ల గింత చెత్త వెట్టుకుంటే లచ్చిమి ఏడ కాలు వెడ్తది అంది, చీపురు గోడకు తట్టుకుంటూ, ఏడన్న వెట్టనీయుండ్రి, నా వంగచెట్ల మీద వెట్టకుంటే చాలు అన్నాను, నోరు పెరిగిందే సుమిత్రా అంది, ఏడ వారవోసిండ్రు అంటే, ఎప్పుడు వోసేకాడనే, గోడ అవుతల అంది, నేను గంప తీశాను, ఊడ్చింది మళ్ల ఇంట్లకు తెస్తవా, జూసినోళ్లు నవ్వుతరు అంది, పోయినేడు నవ్వినోళ్లే గద, అలవాటయింది తియ్యుండ్రి అన్నాను.

గంప చంకన పెట్టి వీధి చుట్టూ తిరిగి పోతున్నాను, కాళ్ళు నేలను తన్నుకుంటూ నడుస్తున్నాయి, మా గోడ వెనక ఎవరిదో ఖాళీ జాగా, పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఇటు పక్క ఏముందో నేను చూడనే లేదు, ఏముంటుంది, ముళ్ళకంప, పందులు, అత్తమ్మ చెత్త, అనుకుంటూ మలుపు తిరిగి ఆగిపోయాను, గోడనానుకుని పెద్ద కుప్ప, కుప్ప మీదుగా ముళ్ళకంపంతా అల్లుకున్న సొరతీగ, ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు, ఆకులు చేటలంత, కాయలు బరువుకు వేలాడుతున్నాయి, పక్కన టమాటా, మేము పారేసిన తొక్కల్లోంచి లేచిందే, ఎర్రగా, గుత్తులుగా, కుప్పలోకి వేలు పొడిస్తే మొత్తం దిగింది, చల్లగా, నల్లగా, వానపాము ఒకటి వేలిని తాకి తప్పుకుంది, ఇది నా వేపాకే, నా పల్లి పొట్టే, పోయినేటి చిక్కుడాకే, కోపంతో నోటిదాకా వచ్చిన తిట్లన్నీ అక్కడే ఆగిపోయాయి, విత్తనం మంచిదే, నా చెయ్యీ మంచిదే, నేల తిండి నేల నోట్లో పడకుండా రోజూ గోడ దాటింది, అంతే, తోట కాయకపోవడం కాదు, కాసింది, గోడకు ఇవతల కాసింది.

గోడ మీంచి అత్తమ్మ తల కనపడింది, స్టూలెక్కినట్టుంది, ఏం జేస్తున్నవే ఆడ అంటూనే కాయల వైపు మెడ చాచింది, నేను గంప నల్లమట్టితో నింపి, మీద ఒక సొరకాయ పెట్టి, తలకెత్తుకున్నాను, రేపటి సంది గూడ మీరే ఊడ్వుండ్రి అత్తమ్మా, ఊడ్చింది మాత్రం గోడ దాటొద్దు.