దోమల కలెక్టర్

నా ఉద్యోగం పేరు ఇన్‌సెక్ట్ కలెక్టర్. నంద్యాల మలేరియా ఆఫీసులో చేరిన రోజే ఆళ్లగడ్డలో ఉన్న మా అమ్మీకి ఫోన్ చేసి చెప్పాను. సిగ్నల్ సరిగా లేదో, ఆవిడ చెవులు తమకు నచ్చిందే విన్నాయో గానీ, రెండో మాట ఒక్కటే అందింది. గుల్జార్‌బీ కూతురు అఫ్రీన్ కలెక్టరైందని సాయంత్రానికల్లా వీధి వీధంతా తెలిసిపోయింది.

నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. మిషను కుట్టి నన్ను ఎమ్మెస్సీ చదివించిన మనిషి అంత సంబరంగా మాట్లాడుతుంటే నాకు నోరు పెగిలేది కాదు. పైగా నా పనేమైనా గొప్పగా చెప్పుకునేదా? సందెవేళ పశువుల కొట్టాల్లో దూరాలి. గోడమీద వాలిన దోమకు గాజుగొట్టం ఆనించి, దానికున్న రబ్బరు పైపును నోట్లో పెట్టుకుని పీల్చాలి. మధ్యలో వల ఉంటుంది కాబట్టి దోమ నోట్లోకి రాదు. పేడ వాసనకు మాత్రం ఏ వలా లేదు.

మా వీధిలో జ్వరాలు ఎక్కువయ్యాయని కబురొచ్చి, నన్నే పొమ్మన్నారు. గోస్పాడు పోవాల్సిన మా ఆఫీసు జీవరత్నాన్ని ఊళ్లు మార్చుకుందామని బతిమాలాను. సొంతూరికి పోవడానికి ఏడుపేందని నవ్వాడే తప్ప ఒప్పుకోలేదు.

ఎదురింటి వెంకటమ్మ కొట్టంలో రెండు బర్రెల మధ్య గొంతుక్కూర్చుని, నోట్లో పైపుతో ఉండగా వెంకటమ్మే వచ్చింది. చేతిలో పింఛను అర్జీ. వెనక అమ్మీ, ఆమె వెనక సగం వీధి. గొట్టంలో దోమ ఉంది, నోరు తెరవలేను. దాన్ని సీసాలోకి ఊది, దూది కుక్కి, అప్పుడు చెప్పాను.

“నేను ఆ కలెక్టర్ని కాదు పెద్దమ్మా. దోమలు పట్టే కలెక్టర్ని.”

వెనకెవరో కిసుక్కున నవ్వారు. వెంకటమ్మ అర్జీని మడిచి రొంటిన దోపుకుంది. వీధిలో అమ్మీ తల దించుకోవాల్సి వస్తుందేమోనని ఇన్నాళ్లూ భయపడ్డాను. ఇప్పుడు ఆవిడ ముఖం చూడలేకపోయాను.

అమ్మీ వచ్చి నా పక్కన ఆ నేలమీదే కూర్చుంది. కూర్చోగానే ఒక దోమ ఆమె మోచేతిమీద వాలింది. దోమ రొద వినపడితేనే చెప్పు అందుకునే మనిషి, ఈసారి చెయ్యి కదపలేదు.

“కుడతాంది. బిరీన పట్టు,” అంది.

పట్టాను. దాన్ని ఏం చేస్తావని అడిగింది. ఇవి ఏ జాతి దోమలో చూస్తే, మందు ఎక్కడ కొట్టాలో తెలుస్తుందని చెప్పాను. అమ్మీ నవ్వినవాళ్ల వైపు తిరిగింది.

“మన జ్వరాలకు పెద్ద కలెక్టర్ ఈడికొచ్చి పేడలో కూచుంటాడా? నా బిడ్డ కూచోనుంది,” అంది.

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. వెంకటమ్మ ఇంట్లోంచి టార్చి తెచ్చి, దోమలు ఏ మూలన ఎక్కువో తానే చూపించింది.

ప్రతి సీసామీదా దోమను పట్టిన చోటు రాయాలి. గోడ, తడిక, బర్రె వీపు అని రాస్తాం. ఆ ఒక్క సీసామీద ‘మా అమ్మ మోచెయ్యి’ అని రాశాను.